పుప్పొడి పెట్టెతో కడప దాకా

ఒక గదిలో వదిలిన పొడి గాలిలో కలిసి అన్ని మూలలకీ సమంగా చేరుతోందా లేదా చూడటం నా ఉద్యోగం. ఈ మాట చెబితే రాజమండ్రిలో మా అత్తగారు "అంటే ఫ్యాన్ల మెకానిక్కువా?" అని అడిగారు. కాదండీ అని మొదట్లో గంటసేపు వివరించేదాన్ని. ఇప్పుడు ఔననేసి కాఫీ తాగుతున్నాను.

మందుల కంపెనీల గదులు, ఆపరేషన్ గదులు చాలా చూశాను. అన్నిచోట్లా గాలిలో దుమ్ము లేకుండా చూడమనేవారు. కావాలని గాలిలోకి దుమ్ము వదిలి, అందులో మనుషుల్ని కూర్చోబెట్టి, ఎవరు తుమ్ముతారో చూస్తామన్నది మాత్రం కడప డాక్టర్ శైలజ ఒక్కరే. పసుపు వ్యాపారంలో ఉన్నవాళ్ళు చాలామంది తుమ్ములతో, ఆయాసంతో ఆవిడ దగ్గరికి వస్తారట. అందరూ పసుపు దుమ్మునే తిడతారు. ఆవిడకేమో దారి పొడుగునా పెరిగిన సర్కారు తుమ్మ పూల మీద అనుమానం. తేల్చాలంటే ఒకరోజు పసుపు దుమ్ము, ఇంకోరోజు తుమ్మ పుప్పొడి, కొలిచినంతే గదిలోకి వదలాలి. ఏ రోజు ఏది వదిలారో కూర్చున్నవాళ్ళకి తెలియకూడదు, చూసే డాక్టరుకీ తెలియకూడదు. వాసన బట్టి కనిపెట్టకుండా రెండు రోజులూ గాలి వచ్చే గొట్టంలో పసుపు కొమ్ముల మూట కట్టి ఉంచాలి. అసలు సంగతి తెలిసేది పొడి పోసే మనిషికి ఒక్కరికే. ఆ మనిషిని నేను.

తిరుపతి రైల్లో నిద్రపోతూ దాటడం తప్ప సీమను నేనెప్పుడూ చూడలేదు. వెంటనే ఒప్పుకున్నాను.

కర్నూలు

పుప్పొడి కర్నూల్లో సిద్ధంగా ఉంది. కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే రమణారెడ్డిగారు పూలు కోయించి, ఆరబెట్టి, జల్లించి, చిన్న సీసాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టారు. సీసాలు ఇచ్చి పంపేయవచ్చు. కానీ చెట్టు చూడకుండా పొడి తీసుకెళ్ళడమేమిటని నన్ను నందికొట్కూరు దగ్గర వాళ్ళ పొలానికి తీసుకెళ్ళారు.

ముందు టిఫిన్ అన్నారు. ఆకు మీద ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. నానబెట్టిన బొరుగులకి తాలింపు పెట్టి, పప్పుల పొడి చల్లుతారు. మా వైపు మరమరాలంటారు, పిల్లలు సాయంత్రం నమిలేవి, వాటిని పొద్దున్నే ఇంత గౌరవంగా తినొచ్చని నాకు తెలియదు. బజ్జీ కొరికాక చెంబెడు నీళ్ళు తాగాను. ఇద్దరి టిఫిన్‌కీ అయిన ఖర్చుతో హైదరాబాదులో ఒక కాఫీ వస్తుంది.

పొలం గట్టు మీద, బాట పక్కన, పాడుబడ్డ షెడ్డు చుట్టూ అదే చెట్టు. గుబురుగా, ముళ్ళతో, మనిషెత్తు దాటి పెరిగింది. వేలెడు పొడవున్న పసుప్పచ్చ పూలగుత్తులు వేలాడుతున్నాయి.

"ఇదే మేడం మన ముద్దాయి," అన్నారు రమణారెడ్డిగారు. "ఎవురూ నాటల్యా, ఎవురూ నీళ్ళు పొయ్యల్యా. మా శెనగ ఎండిపోతాది గానీ ఇది ఎండదు. యాడ జూసినా ఇదే ఉండాది."

"కొట్టేస్తే?"

"కొడితే రెండింతలు మొలుస్తాది. మిషన్ పెట్టి వేర్లతో పెరకాల. శానా మొండిది."

గోదావరి ఒడ్డున పుట్టినదాన్ని, మొండి మొక్కంటే నాకు గుర్రపుడెక్క. అది నీళ్ళు కనబడితే వదలదు. నీళ్ళే లేనిచోట పచ్చగా నిలబడ్డ ఈ చెట్టు మీద నాకు కోపం రాలేదు, కొంచెం ముచ్చటేసింది కూడా. ఒక గుత్తి దులిపితే వేలికి పసుపు అంటింది. పసుపు కొట్లో తుమ్మేవాళ్ళు పసుపునే అనుమానించడంలో వింత లేదు.

బస్సులో

సీసాలు ఐసు పెట్టెలో సర్దుకుని కడప బస్సెక్కాను. పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న ఆడమనిషి, మాటలో గోదావరి యాస. పక్కసీటు పెద్దాయన చాలాసేపు చూసి, ఇక ఆగలేక అడిగాడు.

"ఏమ్మా, చేపలా?"

"కాదండీ, పూల పొడి."

ఆయన ఆలోచించాడు. "పూల పొడికి ఐసు యాందుకమ్మా?"

"ఎండకి పాడవుతుందండి."

"మేమూ ఈ ఎండలోనే ఉండాం గదమ్మా. మమ్మల్నెవురూ ఐసులో పెట్టల్యా."

బస్సు సగం నవ్వింది. నంద్యాల దాటేసరికి పెట్టెలో ఏముందన్న సంగతి డ్రైవరు దాకా వెళ్ళిపోయింది, ఆళ్ళగడ్డలో టీ నాకు ఊరికే వచ్చింది. రోడ్డుకి రెండు వైపులా తుమ్మ పూసి ఉంది. పెట్టెలో నేను ఇంత జాగ్రత్తగా మోస్తున్నదే కిటికీలోంచి అందరి ముఖాల మీదా ఉచితంగా పడుతోంది.

మైదుకూరు

మైదుకూరులో దిగవలసిన పని ఉంది. పసుపు దుమ్ము బజారు పొడి కాకూడదు, వీళ్ళు రోజూ పీల్చేదే కావాలని డాక్టర్ శైలజ ఒక కొట్టు పేరు చెప్పారు. ఆ కొట్టు సుబ్బయ్య శెట్టిగారిది.

వీధిలోకి తిరగ్గానే దారి ముక్కే చూపించింది. శెట్టిగారు అరవై దాటిన మనిషి, తెల్ల పంచె, భుజాన టవాలు. నన్ను చూడగానే లేచి, టవాలు తీసి, ఎదుట ఉన్న కుర్చీని ఫట్ ఫట్‌మని దులిపి "రాండమ్మా, కూచోండి" అన్నారు. కుర్చీ మీద దుమ్మేమీ లేదు. అది దుమ్ము కోసం కాదని, వచ్చిన మనిషి కోసమని ఆ తర్వాత కడపలో అర్థమైంది.

లోపల గోడౌను చూసుకునేది ఆయన తమ్ముడి భార్య నాగరత్నమ్మ. యాభై ఏళ్ళుంటాయి. తమ్ముడు పల్లెలు తిరిగి సరుకు కొంటాడు, ఈవిడ రకాలు విడదీసి తూకం వేయిస్తుంది. నేను దూలాల మీద దుమ్ము బ్రష్షుతో సీసాలోకి తీస్తుంటే నిచ్చెన పట్టుకుంది. శెట్టిగారు రైతుతో మాట్లాడటానికి వీధిలోకి వెళ్ళగానే స్టూలు లాక్కుని కూర్చుంది. ఆయన చెప్పుల చప్పుడు వినబడగానే లేచి బస్తాల పక్కన నిలబడింది. ఆయన తల ఇటు తిప్పకుండా హమాలీతో "నిన్న వచ్చిన సరుకు యాడ పెట్టినారో కనుక్కోప్పా" అన్నారు. ఆవిడ అదే హమాలీతో "ఎడం పక్క గోడకుండాదని చెప్పు" అంది. ఇద్దరి మధ్యా దూరం నాలుగడుగులు. హమాలీ కిమ్మనకుండా రెండు వైపులా తల ఊపాడు.

మా ఇంట్లో మా బావగారి ఎదురుగా సోఫాలో కాళ్ళు చాపుకుని టీవీ రిమోట్ కోసం పోట్లాడతాను. మా నాయనమ్మ చూసి ఉంటే ఏమనేదో అనుకుని నవ్వుకున్నాను.

ఆయన మళ్ళీ వెళ్ళాక నాగరత్నమ్మ అసలు సంగతి చెప్పింది. రెండేళ్ళుగా విపరీతమైన తుమ్ములు, మాపటికి ఆయాసం. పసుపు పడటం లేదు, ఇంట్లో ఉండిపొమ్మని, గోడౌనుకి వేరే మనిషిని పెడతామని బావగారు తమ్ముడితో చెప్పించారు. ఈవిడేమో పసుపు కాదు, గోడౌను వెనక తుమ్మ పూసినప్పుడే ఎక్కువవుతోందని అంటుంది. చివరికి డాక్టరు గది ఏం చెబితే అదే అని ఇంట్లో అందరి ముందూ మాటిచ్చింది.

"మా బావగారికీ తుమ్ములే మేడం. ఆయన్నెవురూ ఇంట్లో కూచోమనరు," అంది. ఒక కొమ్ము విరిచి, లోపలి రంగు నాకు చూపించి పక్కన పెట్టింది. "ఈ గోడౌనులో అడుగు పెట్టినప్పుడు నాకు ఇరవై ఏండ్లు. నాకింకే పనీ రాదు, ఇంకే పనీ వద్దు. ఇంట్లో కూచుంటే నేనేమయిపోతానో నాకు తెల్సు."

మీ గదిలో ఏ కుర్చీలో కూర్చున్నా ఒకే గాలి వస్తుందా అని అడిగింది. అన్యాయం జరగదు, అది చూసుకోవడానికే నేను వెళ్తున్నానని ధీమాగా చెప్పాను.

కడప

ఆస్పత్రి వెనక కొత్తగా కట్టిన గది. నల్లరాయి పరిచిన నేల, వరుసలుగా కుర్చీలు, పైన చిన్న చిన్న ఫ్యాన్లు, పొడిని సన్నగా గాలిలోకి వదిలే యంత్రం. పక్కగదిలోంచి చూడటానికి నడుమెత్తు నుంచి పైకి అద్దం. గదిలోంచి గాలిని నెమ్మదిగా బయటికి లాగి వడగడుతూ ఉంటారు. లేకపోతే తలుపు తీసినప్పుడల్లా పుప్పొడి వరండాలోకి వచ్చేస్తుంది. అలా లాగడం వల్ల తలుపు కింద సందులోంచి వరండా గాలి కొద్దికొద్దిగా లోపలికి జారుతూ ఉంటుంది. అది లోపం కాదు, గది సరిగా ఉందనడానికి గుర్తు.

ప్రతి కుర్చీ దగ్గరా మనిషి ముక్కు ఎత్తులో ఒక లెక్క యంత్రం నిలబెట్టాను. గాలిలో ఎన్ని రేణువులు పోతున్నాయో అది చెబుతూ ఉంటుంది. హాని చేయని పొడి వదిలి చూస్తే ఖాళీ గది బంగారంలా ఉంది. ముందు వరుస, వెనక వరుస, కిటికీ పక్క, అన్నీ ఒకటే. మర్నాడు మనుషులతో రిహార్సల్ పెట్టాం. మార్కెట్ నుంచి హమాలీలు, రైతులు వచ్చారు. వాళ్ళు లోపలికి అడుగుపెట్టగానే యంత్రాలన్నీ ఒక్కసారి పైకి ఎగిరాయి.

డాక్టర్ శైలజ నా ముఖం చూసింది. నేను అద్దంలోంచి చూశాను. లోపల ప్రతి మనిషీ భుజం మీది టవాలు తీసి తన కుర్చీ దులుపుకుంటున్నాడు. ఒక పెద్దాయన తనదే కాక పక్కవాళ్ళవి కూడా దులుపుతున్నాడు. టవాళ్ళలోని మార్కెట్ దుమ్మంతా గాలిలో ఉంది.

వరండాలో కొక్కేలు కొట్టించి టవాళ్ళు అక్కడే తగిలించమన్నాం. గది మళ్ళీ దారికొచ్చింది. ఆ పూట డాక్టర్ శైలజ నాకు ఎర్రకారం దోసె తెప్పించింది. పైన వెన్న ఉంది కదాని తక్కువ అంచనా వేశాను, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, ఇంకొకటి తెప్పించుకున్నాను. గది నిఖార్సుగా ఉందని కాగితం మీద సంతకం పెట్టాను. టవాళ్ళ సంగతి కూడా పట్టేశాను, ఇంకేం మిగిలిందనుకున్నాను.

అసలు పరీక్ష మొదటి రోజు మైదుకూరు బృందం వంతు. రావడానికి ముందు కొన్నాళ్ళ నుంచీ తుమ్ముల మాత్రలు మానేసి వచ్చారు. శెట్టిగారు ముందు వరుసలో కూర్చున్నారు. నర్సు షాహీన్ మాస్కు పెట్టుకుని లోపలే ఉండి ఎవరు ఎప్పుడు తుమ్మారో రాసుకుంటుంది. నేను యంత్రంలో పోసింది తుమ్మ పుప్పొడి. తెర మీద కుర్చీలన్నీ ఒకే గీత మీద నడుస్తుంటే చూసి మురిసిపోతూ కూర్చున్నాను. కాసేపటికి ముందు వరుసలో శెట్టిగారు తుమ్మారు. ఆగకుండా తుమ్మారు. వెనక ఇంకొందరు అందుకున్నారు.

అయిపోయాక షాహీన్ రాసింది చూశాను. నాగరత్నమ్మకి ఒక్క తుమ్ము కూడా రాలేదు.

గది నిఖార్సు, పుప్పొడి నిఖార్సు. అంటే ఆవిడ అనుకున్నది తప్పు. నాకు బాధేసింది, ఎవరితోనూ చెప్పుకోవడానికి లేదు.

ఒంటిమిట్ట

రెండో పరీక్షకి ముందు కొన్ని రోజులు విరామం. ఊరికే ఉండలేక ఒంటిమిట్ట వెళ్ళాను. భద్రాచలం చూసిన కళ్ళతో చూస్తే ఈ గుడి చాలా ప్రశాంతంగా ఉంది. గోపురం ఎత్తుగా ఉంది, మండపం స్తంభాల నీడ చల్లగా ఉంది. లోపల రాముడు, సీత, లక్ష్మణుడు ముగ్గురూ ఒకే రాతిలో నిలబడి ఉన్నారు. పక్కన ఆంజనేయుడు లేడు. ఎందుకు లేడో ముగ్గురు మూడు కథలు చెప్పారు, మూడూ బాగున్నాయి.

మండపంలో నాగరత్నమ్మ కనబడింది. విరామంలో కడపలో చుట్టాలింట్లో ఉన్నారట, ఇంటిల్లిపాదీ వచ్చారు. శెట్టిగారు ప్రదక్షిణం చేస్తున్నారు. నన్ను చూసి పక్కన చోటిచ్చింది. ఇంటి నుంచి తెచ్చిన ఓలిగలు పెట్టింది. మేం బొబ్బట్లంటాం, పైన ఇంత నెయ్యి మాత్రం వెయ్యం.

"ఆ పొద్దు మీరు వదిలింది తుమ్మే అయితే నా పని అయిపోయినట్టే గదా మేడం," అంది, నా ముఖంలోకి చూస్తూ.

నేను ఓలిగలోకి చూశాను. మా ఉద్యోగంలో నోరు మూసుకోవడం తేలిక, ముఖం మూసుకోవడం రాదు.

"నాకు చెప్పడానికి లేదమ్మా."

"తెల్సు మేడం. అడగగూడదని తెల్సు." చేతులు తుడుచుకుంది. "మాటిచ్చినా. తప్పను. పసుపు ఎట్లుండాదో చూసి చెప్పేదానికి ఆయనకు ఎవురో ఒకరు దొరుకుతారులే." లేవబోయి నడుం పట్టుకుంది. "ఆ నల్లరాయి నా నడుం తీసేసింది."

మండపం రాయినే అంటోందనుకున్నాను. చెయ్యి అందించి లేపాను. ఆవిడ వెళ్ళి శెట్టిగారి వెనక, కాస్త దూరంగా నడుస్తుంటే చూసి, నా సంతకం మీద నాకే విసుగు పుట్టింది. గాలి సరిగా ఉందని చెప్పడమే నా పని, ఎవరికి ఏం తేలాలో నాది కాదని బస్సులో నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

మళ్ళీ కడప

రెండో పరీక్ష పొద్దున యంత్రంలో పసుపు దుమ్ము పోస్తున్నాను. షాహీన్ వచ్చి తలుపు దగ్గర నిలబడింది.

"మేడం, లోపల ఒక పట్టా వెయ్యొచ్చునా? కడిగిందే తెస్తా."

"చాపా? ఎందుకు?"

"నాగరత్నమ్మకు మేడం. మొన్న వొట్టి రాయి మీద కూచుని నడుం పట్టుకునిందంట."

సీసా పక్కన పెట్టాను. "రాయి మీదా? కుర్చీ ఏమైంది?"

షాహీన్ నావైపు వింతగా చూసింది. "వాళ్ళ బావగారు కూచోనుంటే ఆమె కుర్చీలో కూచుంటాదా మేడం? తలుపు దగ్గర కింద కూచునింది. మా పక్కింట్లోనూ అంతే. మీకు తెల్సనుకున్యా."

ఆ పిల్లది ఈ ఊరే. ఎవరైనా చొక్కా వేసుకున్నారా అని రాసుకుంటామా? అలాగే ఇదీ రాసుకోలేదు. నాకేమో నడుమెత్తు కింద అద్దం లేదు, వెనక వరుస ముందువాళ్ళ తలల వెనక ఉంది, ఖాళీ కుర్చీ ఎదుట యంత్రం చక్కగా లెక్క చెబుతూనే ఉంది. నేను కుర్చీలన్నిటికీ న్యాయం చేశాను. మనిషి కుర్చీలో లేదు.

ఆ రోజు పరీక్ష ఆపించాను. ఖాళీ గదిలో మళ్ళీ హాని లేని పొడి వదిలి, ఒక యంత్రం తీసుకెళ్ళి తలుపు పక్కన నేల మీద పెట్టాను, కూర్చున్న ఆడమనిషి ముక్కు ఎత్తులో. దాదాపు ఏమీ లేదు. తలుపు కింద సందులోంచి జారే వరండా గాలి ఉందే, గది సరిగా ఉందనడానికి గుర్తని నేను గొప్పగా చెప్పిన గాలి, ఆవిడ అంతసేపూ దాన్నే పీల్చింది. నాకు వచ్చిన సంతోషం ఇంతా అంతా కాదు. తప్పు దొరికినందుకు ఇంత సంబరపడే ఉద్యోగం ఇంకోటి ఉండదు.

రెండు రోజులూ మళ్ళీ మొదటి నుంచి చేయాలి, ముందు ఏది వెనక ఏది అన్నది కూడా మళ్ళీ కొత్తగా నేనే తేల్చుకుంటాను అని డాక్టర్ శైలజతో చెప్పాను. ఆవిడకి వెంటనే తట్టింది, "రత్నమ్మను వేరే బృందంలో కూచోబెడితే సరి. బావగారు ఉండరు, కుర్చీలో కూచుంటాది."

నాగరత్నమ్మని పిలిచి అడిగితే వద్దంది.

"ఆయన ల్యానప్పుడు నేను తుమ్మితే ఆయన నమ్మడు మేడం. డాక్టరమ్మ, నేను కలిసి చేసినామంటాడు. ఆయన కండ్ల ముందరే తేలాల."

"మరి ఆయన ముందు కుర్చీలో కూర్చుంటారా?"

ఆవిడ తల దించుకుని కొంగు సర్దుకుంది. ముప్పై ఏళ్ళు నిలబడిన మనిషి. కుర్చీలో కూర్చోండి అని మేం చెప్పడం తేలిక, తర్వాత ఆ ఇంటికి వెళ్ళి బతకవలసింది ఆవిడ.

శెట్టిగారు వరండాలో మండిపడుతున్నారు. మాత్రలు లేకుండా ఇంకెన్ని రోజులు, కొట్టు ఎవరు చూస్తారు అని. నేనే వెళ్ళాను. ఊదుబత్తి ఒకటి వెలిగించి గది తలుపు ముందు కింద కూర్చున్నాను. ఆయన్ని కూడా వంగి చూడమన్నాను. పొగ పైకి పోలేదు. నేల వెంట పాకి తలుపు సందులోంచి లోపలికి దూరిపోయింది.

"బయటి గాలి ఇక్కడ లోపలికి పోతోందండి. ఇక్కడ కింద కూర్చున్న మనిషికి మేం వదిలిన పొడి అందదు. కుర్చీలో కూర్చున్నవాళ్ళకే అందుతుంది."

ఆయన పొగనే చూస్తున్నారు.

"మీరు తక్కెడలో ఒక పళ్ళెం బల్లకి ఆనించి తూకం వేయిస్తారా శెట్టిగారూ?"

"ఆ తూకం తూకమేనామ్మా?" అన్నారు చటుక్కున. తర్వాత మళ్ళీ తలుపు సందు వైపే చూశారు. ఊదుబత్తి సగం కాలింది. కొక్కేనికున్న టవాలు తీసుకుని వెళ్ళిపోయారు. మళ్ళీ వస్తారో రారో మాకెవ్వరికీ తెలియలేదు.

వచ్చారు. విరామం గడిచాక, అందరికంటే ముందు వచ్చారు. టవాలు కొక్కేనికి తగిలించి లోపలికి వెళ్ళారు. ఈసారి నేను తెర దగ్గర కాదు, అద్దానికి ముక్కు ఆనించి నిలబడ్డాను. మిగతావాళ్ళు కూర్చుంటున్నారు. నాగరత్నమ్మ తలుపు దగ్గరే ఆగింది. శెట్టిగారు తన కుర్చీ దగ్గరికి పోలేదు. వెనక వరుసలో ఆవిడ కుర్చీ దగ్గర నిలబడి భుజం తడుముకున్నారు. టవాలు లేదు. వంగి, అరచేత్తో కుర్చీని ఈ చివరి నుంచి ఆ చివరికి తుడిచారు.

"కూచోమ్మా," అన్నారు.

షాహీన్ ద్వారా కాదు, గోడతో కాదు, ఆవిడతోనే అన్నారు. గదిలో మాటలు స్పీకర్లో మాకు వినబడతాయి. ఆవిడ కొంగు భుజం చుట్టూ కప్పుకుని వచ్చి కుర్చీ అంచు మీద కూర్చుంది. ఆయన వెళ్ళి ముందు వరుసలో కూర్చున్నారు. తెర మీద ఆ కుర్చీ దగ్గర గీత చిన్నగా ఎగిరి మళ్ళీ కిందికి దిగింది. అలాంటి ఎగురుడు కనబడితే ఎందుకో రాసిపెట్టడం మా పద్ధతి. "కుర్చీ తుడిచారు" అని రాశాను.

ఆ రోజు పోసింది పుప్పొడి. పావుగంట గడవకముందే నాగరత్నమ్మ తుమ్మింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వరసగా తుమ్ముతూనే ఉంది. ముందు వరుసలో శెట్టిగారూ తుమ్ముతున్నారు. ఒకసారి ఇద్దరూ ఒక్కసారే తుమ్మారు. ఆయన వెనక్కి తిరిగి చూశారు. ఆవిడ లేవబోయి, మళ్ళీ కూర్చుంది.

పసుపు రోజు ఆవిడ గొంతు ఒకసారి సవరించుకుంది, అంతే. శెట్టిగారు కునుకు తీశారు. అందరి పరీక్షలూ ముగిశాక ఏ రోజు ఏదో నేను డాక్టరు చేతికిచ్చాను. కొంతమందికి నిజంగా పసుపే పడటం లేదు, వాళ్ళకి మాస్కులు, మందులు చెప్పింది. ఈ ఇద్దరికీ మాత్రం తుమ్మ. మాపటి ఆయాసానికి నాగరత్నమ్మకి మందు రాసి, గోడౌనుకి నిక్షేపంగా వెళ్ళమంది.

తిరుగు దారిలో మైదుకూరు

ఖాళీ పెట్టెతో తిరుగు బస్సెక్కి మైదుకూరులో దిగాను. పని లేదు, ఊరికే దిగాను. కొట్టు వెనక నుంచి మిషన్ చప్పుడు వస్తోంది. గోడౌను వెనక తుమ్మ కంపంతా వేర్లతో పెకలించి కుప్పేశారు. వీధిలో మిగతా తుమ్మ అలాగే ఉంది. ఊరంతా పెరకాలంటే శెట్టిగారొక్కరి వల్ల కాదు.

నాగరత్నమ్మ తూకం వేయిస్తోంది. కాటా పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. నేను చూసిన కుర్చీయే, నా కోసం అప్పుడు దులిపినది. శెట్టిగారు లోపలికి వచ్చారు. ఆవిడ కుర్చీ చేతుల మీద చేతులు ఆనించి సగం లేచింది.

"తూకం చూడమ్మా," అన్నారాయన, కాటా వైపే చూస్తూ.

ఆవిడ కూర్చుంది. ఆయన నన్ను చూసి, చుట్టూ చూసి, కొట్లో ఇంకో కుర్చీ లేదని గ్రహించి, భుజం మీది టవాలు తీసి ఒక పసుపు బస్తాను ఫట్ ఫట్‌మని దులిపారు.

"రాండమ్మా, కూచోండి."

నేను బస్తా మీద కూర్చున్నాను.